రెండో మోటారు చప్పుడు

ఆ మధ్యాహ్నం మా అమ్మ నాతో మాట మానేసి, కాలికి కట్టుతో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉంది. బాగ్‌బేరా అనే హిందీ ఊళ్లో రైల్వే క్వార్టర్లో మాకున్నవి రెండే గదులు. ఒకదాంట్లో అలిగిన మనిషి, రెండో దాంట్లో థీసిస్ కమిటీ ముందు కూర్చోవాల్సిన మనిషి. మధ్య తలుపు వానలకి ఉబ్బి పూర్తిగా మూసుకోదు. ఆవిడ నిట్టూర్పులన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి, బహుశా వినపడాలనే విడిచింది.

అలకకి కారణం నా చదువు. నేను చేసే పరిశోధన ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పే ఓపిక నాకు తక్కువ. క్వాంటమ్ అనగానే సగంమంది దేవుడి గురించి మొదలుపెడతారు, మిగతా సగంమంది షేర్ల గురించి. నిజానికి విషయం సాదాసీదాది. క్వాంటమ్ కంప్యూటరు నాలాంటి వాళ్ల ఇంటికి ఎప్పటికీ రాదు. అది ఎక్కడో పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది, మన లెక్క వాళ్లకిచ్చి చేయించుకోవాలి. అప్పుడు రెండు భయాలు. మన లెక్క ఏమిటో వాళ్లకి తెలియకూడదు. వాళ్లిచ్చిన జవాబు నిజమో కాదో మనకి తెలియాలి. పోనీ మనమే చేసి సరిచూసుకుందామా అంటే, అది చేతనైతే వాళ్ల గుమ్మం ఎందుకు తొక్కుతాం? చేతిలో ఏమీ లేనివాడు అన్నీ ఉన్నవాడిని తనిఖీ చెయ్యడం ఎలా అన్నదే నా థీసిస్.

దానికి మన వైపు ఉండాల్సింది ఒక చిన్న పెట్టె. అది ఒక్కొక్క కాంతి కణాన్ని మనకి కావలసిన వాలులో తిప్పి పెద్ద మెషీన్‌లోకి పంపుతుంది. ఏ వాలులో తిప్పామన్నది మన రహస్యం కాబట్టి మెషీన్ తను చేస్తున్న లెక్క ఏమిటో తెలియకుండానే చేసిపెడుతుంది. ఒకే లెక్కని చాలా రౌండ్లు చేయిస్తాం. వాటి మధ్యలో, జవాబు మనకి ముందే తెలిసిన పరీక్ష రౌండ్లు కలిపేస్తాం. మెషీన్ నడిపేవాడికి అన్నీ ఒకేలా కనపడాలి. పరీక్ష రౌండ్లలో తప్పులు ముందుగా గీసుకున్న గీత దాటకపోతే, అసలు రౌండ్లలో ఎక్కువసార్లు వచ్చిన జవాబు తీసుకుంటాం. దాటితే మొత్తం పారేస్తాం.

ముందురోజు అమ్మకి అన్నం పెడుతూ ఇదంతా నాకొచ్చిన మాటల్లో చెప్పాను. ఆవిడకి తలకెక్కింది ఒక్కటే.

“ఆ మిసను దగ్గిర కూకునీదెవులే?”

“ఈసారి తమ్ముడేనమ్మా.”

మా తమ్ముడు వేరే ఊళ్లో ఆ మెషీన్ ఉన్న కంపెనీలో ఆపరేటరు. మామూలుగా ఆ డ్యూటీ చేసే మనిషి సెలవులో ఉండటంతో వీడి వంతు వచ్చింది. అమ్మ మొహం వెలిగిపోయింది.

“మరింకేటి! ఏది పరీచ్చో ఆడికి ముందే సెప్పీరాదా?”

“సెప్పెత్తే ఇంక పరీక్ష ఏటమ్మా? మోసం సేత్తాడనే అనుకోని లెక్క కట్టాల.”

అక్కడ చెడింది. అమ్మ కంచం పక్కకి జరిపింది. “సొంత తమ్ముడు మోసగాడని రాసినావా ఆ కాయితాల్లోన?”

“తమ్ముడని రాయలేదు. సర్వరని రాసేను.”

“ఏ పేరైతే ఏటి, అక్కడ కూకునీది నా కొడుకు కాదా?”

ఆవిడ కోపానికి పాత కథ ఒకటి ఉంది. నాన్న రైల్వేలో కీమాన్. రోజూ తన బీటంతా నడుస్తూ, పట్టాలని పట్టి ఉంచే కీలు వదులయ్యాయేమో చూసి బిగించడం పని. పైన ఉండే ఇన్‌స్పెక్టరు అప్పుడప్పుడూ చెప్పకుండా ఒక కీ పీకేసి వెళ్లేవాడు, నాన్న పట్టుకుంటాడో లేదో చూద్దామని. నాన్న ప్రతిసారీ పట్టుకునేవాడు. పట్టుకున్న రోజున ఇంటికొచ్చి అన్నం ముట్టేవాడు కాదు, తనని దొంగలా చూస్తున్నారని. నాన్న ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయాడు గాని అమ్మ మరవలేదు.

“ఆ ఇనస్పెట్రుకీ నీకూ తేడా ఏటే?” అంది.

నాకూ కోపమొచ్చింది. “ఆ ఇనస్పెట్రు సేసింది తప్పేటమ్మా? దాని మీద నుంచి రైలెల్తాది” అన్నాను. అప్పుడు గోడవైపు తిరిగిన మనిషి మర్నాటి మధ్యాహ్నానికీ ఇటు తిరగలేదు.

నాకేమో ఆవిణ్ణి బతిమాలే తీరిక లేదు. ఆ సాయంత్రంతో ఆ మెషీన్‌ని ఆపి విప్పేస్తున్నారు. కొత్త భాగాలు పెట్టి మళ్లీ ఎప్పుడు నిలబెడతారో వాళ్లకే తెలియదు. నా గడువు మాత్రం ఆ లోపల ముగిసిపోతుంది. ఈ ఒక్క ప్రయోగం లేకపోతే చివరి అధ్యాయం లేదు, అది లేకపోతే థీసిస్ నిలబడదని మా గైడు ముందే చెప్పేశారు. అమ్మ కాలు విరగ్గొట్టుకోవడంతో నేను ఇంటికొచ్చి, ఇన్నేళ్ల చదువుకీ తీర్పు చెప్పే పరీక్షని పొయ్యి గట్టు పక్కన మడత బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎదుర్కోవాల్సి వచ్చింది.

ఆపరేటరు నా తమ్ముడేనని కమిటీకి ముందే చెప్పాం. కమిటీకి పెద్దగా ఉన్నావిడ నవ్వింది. “మీ పద్ధతి గట్టిదైతే తమ్ముడైనా శత్రువైనా ఒకటే కదా. కానివ్వండి” అంది. అంతకంటే గట్టి పరీక్ష నేనూ కోరుకోలేదు.

వీడియో కాల్ మొదలైంది. ఒక గడిలో మా గైడు, ఒక గడిలో కమిటీ ఆవిడ, ఇంకో గడిలో మెషీన్ గది. కెమెరా తెరవకుండా తమ్ముడి కంపెనీ పెద్దలు కూడా ఉన్నారు. నా పెట్టె కూడా తాళం వేసి ఆ గదిలోనే ఉంది. కాంతి కణాన్ని బాగ్‌బేరా నుంచి అంత దూరం పంపితే దారిలోనే పోతుంది, అందుకని పెట్టెని అక్కడ ఉంచి, దాన్ని నడిపించే మీటలూ రహస్యాలూ నా లాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. తమ్ముడు కెమెరా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. వాడి వెనక పెద్ద ఫ్యాన్ హోరు.

“ఆ గోల ఏమిటి? నాకేమీ వినపడటం లేదు” అంది కమిటీ ఆవిడ. తమ్ముడు లేచి ఫ్యాన్ కట్టేశాడు. ప్రయోగం మొదలుపెట్టాను.

మొదటి పరీక్ష రౌండు సరిగ్గా వచ్చింది. రెండోదీ వచ్చింది. తర్వాతవన్నీ వస్తూనే ఉన్నాయి. గైడు నుంచి ‘అద్భుతం’ అని మెసేజ్. నాకు కాసేపు సంతోషమే వేసింది, తర్వాత రిహార్సళ్ల లెక్కలు తెరిచి పక్కన పెట్టుకున్నాను. ఆ మెషీన్ సంగతి నాకు తెలుసు. రిహార్సల్ చేసిన ప్రతిసారీ కొన్ని పరీక్షలు తప్పేది. అలా తప్పుతుందనే కదా గీత పెట్టుకున్నది. ఇవాళ దానికి ఒక్కసారిగా ఇంత బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అప్పుడు విన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. సన్నగా, ఈగ అద్దం మీద కొట్టుకున్నట్టు ఒక చప్పుడు. ఆగిపోయింది. ఆ రౌండు పరీక్ష. తర్వాత రెండు రౌండ్లు చప్పుడు లేదు, రెండూ అసలు రౌండ్లు. మళ్లీ చప్పుడు. మళ్లీ పరీక్ష. ఏ రౌండు ఏదో చూపించే కిటికీని తెర మీద మూసేసి కళ్లు మూసుకుని విన్నాను. చప్పుడైనప్పుడల్లా మనసులో ‘పరీక్ష’ అనుకుని, కిటికీ తెరిచి చూశాను. ఒక్కటీ తప్పలేదు.

నా పెట్టెలో రెండు మోటార్లున్నాయి. అసలు రౌండుకి మొదటిది తిరిగితే చాలు, అది నిశ్శబ్దంగా తిరుగుతుంది. పరీక్ష రౌండులో కొన్ని కణాల్ని ఇంకో రకంగా తిప్పాలి, దానికి రెండోది కూడా కదలాలి. చవకరకం మోటారు, కూస్తుంది. రిహార్సళ్లలో ఫ్యాన్ హోరు దాన్ని మింగేసింది. క్లయింటు, అంటే లెక్క ఇచ్చేవాడి గదిలోంచి ఏదీ బయటికి పొక్కదని మా పేపర్లో మొదటి పేజీలోనే రాసుకున్నాం. ఆ గదిని మోసుకెళ్లి ఎదుటివాడి గదిలో పెట్టామన్న సంగతి ఇంత చదువుకున్నవాళ్లం ఒక్కరం కూడా ఆలోచించలేదు.

రౌండ్లన్నీ ముగిసి మొదటి రన్ను అయిపోయింది. పరీక్షల్లో తప్పు అన్నదే లేదు. కమిటీ ఆవిడ చప్పట్లు కొట్టి, “ఇంక జవాబు స్వీకరించానని ప్రకటించండి” అంది. కాస్త ఆగమని, మైకు కట్టేసి, తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు గదిలోంచి బయటికి నడవడం తెర మీద కనపడింది.

“ఒరే, నా పెట్టె కూత నీకు వినపడిందా?”

“హాఁ. ఫ్యాన్ ఆపినాక.”

“విని ఏటి సేసినావు?”

“ఏం లేదక్కా. అది కూసినప్పుడల్లా ఒకసారి లేజర్లు సరిసేసుకున్నాను. బస్.”

“కూయని రౌండ్లకి?”

“అన్నిటికీ సేత్తే టైమ్ సరిపోద్దా? స్లాట్ దాటిపోద్ది కదా.”

“కూసినవే పరీక్షలని నీకెవులు సెప్పినారు?”

“ఎవరు సెప్పాల? పరీక్షలు కొన్నే ఉంటాయని నువ్వే అంటావు. అది కొన్నిసార్లే కూత్తంది.” వాడి గొంతు తగ్గింది. “తేరే లియే హీ కియా నా, అక్కా, నీకోసమే. నీ థీసిస్ పోకూడదనే.”

వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. వాడు చేసింది ప్రేమతోనే. కానీ నేను పరీక్షించిన చోటల్లా మెషీన్ ముస్తాబై నిలబడింది, నేను చూడని చోట ఎలా ఉందో ఎవరికీ తెలియదు. నా చేతిలో ఉన్న ఆ జవాబు దేనికీ పనికిరాదు.

గైడుకి విడిగా ఫోన్ చేసి చప్పుడు సంగతి చెప్పాను. ఆయన గొంతు సవరించుకున్నారు. “శబ్దం ఉందని నువ్వంటున్నావు. దాన్ని అతను వాడుకున్నాడని ఎవరికి తెలుసు? నియమం ప్రకారం గీత దాటలేదు. స్వీకరించెయ్యి.”

“నాకు తెలుసు సార్” అని పెట్టేశాను. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. మైకు తెరిచి కమిటీతో చెప్పాను. “ఈ రన్ను రద్దు చేస్తున్నాను. ఏ రౌండు పరీక్షో చప్పుడు వల్ల గదిలో ఉన్నవాళ్లకి తెలిసే వీలుంది. మిగిలిన టైములో మళ్లీ చేస్తాను.”

“మెషీన్ ఆపే వేళ మారదు. మీ ఇష్టం” అంది ఆవిడ.

ఫ్యాన్ మళ్లీ వేయించుకుంటే సులువుగా పోయేది. కానీ హోరు చాటున దాక్కోవడం నాకు నచ్చలేదు. నా చెవి కంటే మంచి చెవి ఉన్నవాడు ఆ గదిలో కూర్చుంటే? ప్రతి రౌండుకీ రెండు మోటార్లూ ముందుకీ వెనక్కీ కలిపి ఒకే దూరం, ఒకే సమయం తిరిగేలా ప్రోగ్రాం మార్చాను. పరీక్షలు ఎక్కడెక్కడ రావాలో లాప్‌టాప్ చేత కొత్తగా చీట్లు వేయించాను. తొందరలో ఒకే అక్షరం రెండుసార్లు పడుతోంది. యార్డులో వ్యాగన్లు తగిలించే దడదడకి బల్ల మీద గ్లాసు కదిలింది.

మైకు కట్టేసుకున్నాను. రెండో రన్ను మొదలైంది. ఇప్పుడు ప్రతి రౌండుకీ కూత. మామూలు వేగంతో నడిస్తే టైము సరిగ్గా సరిపోతుంది. కాసేపటికే ఫోన్ మోగింది, మెషీన్ గది మైకు కట్టేసి తమ్ముడు.

“అక్కా, ఇప్పుడు అన్నిటికీ కూత్తంది. ఏది ఏదో తెలీట్లేదు.”

“తెలీకూడదు.”

“మరి నేనేటి సెయ్యాల?”

“నీ పని నువ్వు సెయ్యి” అన్నాను.

తర్వాతి రౌండు ఆలస్యమైంది. ఆ పైదీ ఆలస్యమే. వాడు ఏం చేస్తున్నాడో నాకర్థమైంది. ఏది పరీక్షో తెలియనివాడు ప్రతిదాన్నీ పరీక్షే అనుకోవాలి, అందుకని ప్రతి రౌండుకీ లేజర్లు సరిచేస్తున్నాడు. మా సిద్ధాంతం కోరుకునేది సరిగ్గా అదే. కానీ ఆ లెక్కన పోతే చివరి రౌండ్లు పూర్తికాకుండానే మెషీన్ ఆపేస్తారు. సగంలో ఆగిన రన్నుకి విలువ లేదు.

మళ్లీ ఫోన్. “అక్కా, అవదు. కొన్ని వదిలెయ్యాల. ఏవి వదలమంటావు? ఏక్ బార్ బోల్ దే, ఒక్కసారి సెప్పు.”

ఒక్క మాట చాలు. ఇది అసలు రౌండు, దీన్ని వదిలెయ్ అంటే సరి. కాల్‌లో ఎవరికీ వినపడదు. తప్పులన్నీ గీతకి ఇవతలే ఉంటాయి, టైమూ సరిపోతుంది, నా చదువు గట్టెక్కుతుంది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. నాకు నా మీద భయం వేసింది. ఫోన్ కట్టేసి లేచి, ఆ ఉబ్బిన తలుపు తోసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను.

“అమ్మా, ఈ ఫోను నీ కాడ ఉంచు. నేనడిగినా ఇవ్వకు. ఆడు సేత్తే నువ్వు ఎత్తకు.”

అమ్మ ఇటు తిరిగింది. ఫోన్ తీసుకుని తలగడ కింద పెట్టుకుని దాని మీద చెయ్యి వేసుకుంది.

వచ్చి కూర్చున్నాను. ఒక పరీక్ష తప్పింది. కొంచెం పోయాక ఇంకోటి. తలగడ కింద ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. తెర మీద తమ్ముడు చేతిలో ఫోన్ వైపు చూసి, దాన్ని జేబులో పెట్టేసి, వంగి మెషీన్ దగ్గర ఏదో వేగంగా తిప్పడం కనపడింది. అప్పటినుంచి రౌండ్లు కాస్త చురుకుగా కదిలాయి. వాడు సరిచెయ్యడం మానేశాడా, లేక చెయ్యి తిరిగి వేగం అందుకున్నాడా? అడగడానికి ఫోన్ లేదు. ఇంకో పరీక్ష తప్పింది. గీత దగ్గర పడుతోంది. మెషీన్ విప్పేవాళ్లు అప్పుడే గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. తమ్ముడు వాళ్ల వైపు చూడకుండానే ఆగమని చెయ్యి ఎత్తాడు.

చివరి రౌండు పడింది. తప్పిన పరీక్షలు గీతకి ఇవతలే ఆగాయి. నేను మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత జవాబు చూశాను. మొదటి రన్ను ఇచ్చిన జవాబు అది కాదు.

మైకు తెరిచి, “స్వీకరిస్తున్నాను” అన్నాను.

కమిటీ ఆవిడ కళ్లజోడు సర్దుకుంది. “మీ పద్ధతి ప్రకారం, పరీక్షలన్నీ నెగ్గిన రన్ను తప్పు జవాబిచ్చింది, కొన్ని ఓడిన రన్ను ఒప్పు జవాబు. అంతేనా?”

“అంతే మేడమ్.”

“చప్పుడు వల్ల తెలిసే వీలుందన్నారు. తెలిసే వీలు ఉందా, తెలిసిందా?”

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలిసి ఉండాల్సింది. తెలిసింది అంటే తమ్ముడి ఉద్యోగం. వీలుంది అంటే అబద్ధం, అదీ నా థీసిస్‌లో. వాడి కంపెనీ పెద్దలు కూడా అదే కాల్‌లో వింటున్నారు.

“తెలిసింది మేడమ్” అన్నాడు తమ్ముడు. “నేను విన్నాను, వాడుకున్నాను. అక్క చెప్పలేదు. మొదటి రన్ను అయ్యేదాకా తనకి తెలియదు.”

ఆవిడ తల ఊపి ఏదో రాసుకుంది. ప్రయోగం నెగ్గిందని, చప్పుడు సంగతి థీసిస్‌లో దాచకుండా రాయాలని చెప్పి కాల్ ముగించింది. నేను ఏడుస్తున్నానని తెర నల్లబడ్డాక, అందులో నా మొహం కనపడ్డాక తెలిసింది.

పక్క గదిలో ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి అమ్మ ఎత్తింది. “ఏటిరా… తీసీసినారా?… మరి రేపటికాడ్నుంచి ఏటి సేత్తావు?… అక్క నిన్ను ఏటీ అనలేదురా, ఇక్కడ కూకోని ఏడుత్తంది.” కాసేపు విని, నన్ను పిలిచి ఫోన్ నా చేతికిచ్చింది. నా తల మీద చెయ్యి వేసి తీసేసింది.

“మెషీన్ మీద నుంచి తీసేశారక్కా” అన్నాడు. “వేరే చోట ఎక్కడో వేత్తారంట. అది కాదు, ఒకటి అడగాల. రెండోసారి నేను ఒక్క రౌండు కూడా వదల్లేదు. సప్పుడు కోసం వినలేదు. అన్నిటికీ సరిసేసుకునే నడిపాను. నీకు కనపడిందా?”

నిజానికి నాకు కనపడేవి పరీక్ష రౌండ్లు మాత్రమే. మిగతావాటిలో వాడేం చేశాడో నేను చూడలేను, ఎప్పటికీ చూడలేను. నేను ఇన్నేళ్లూ చదివిందంతా, వాటి గురించి కూడా తల ఎత్తుకుని ఒక మాట చెప్పగలగడానికే.

“కనపడిందిరా. అన్నీ కనపడ్డాయి” అన్నాను.